డెబ్బై రెండో చెట్టు

మా ఆయన తిరుమలరావుకి మనుషుల పేర్లు గుర్తుండేవి కావు. పెళ్ళిళ్ళలో ఎవరైనా పలకరిస్తే నవ్వేసి, పక్కకి తిరిగి, ఈయన ఎవరే అని నన్ను అడిగేవారు. చెట్ల విషయంలో మాత్రం అలా కాదు. మాది కవిటి దగ్గర పల్లెటూరు. ఇంటికి తూర్పున, సముద్రం వైపు, మాకు ఎకరం కొబ్బరితోట ఉండేది. డెబ్బై రెండు చెట్లు. ప్రతి చెట్టుకీ ఆయన దగ్గర ఒక పేరుంది. ఒకటి కుంటిది. దగ్గర దగ్గరగా పెరిగి మట్టలు రాసుకునే రెండు చెట్లు తోడికోడళ్ళు. గట్టు మీద ఉన్నదాని పేరు అసిరయ్య ఎక్కనిది. కాయలు దింపే అసిరయ్య ఒకసారి దాన్ని సగం దాకా ఎక్కి, కందిరీగలు కుట్టడంతో ఛాతీ గీరుకుపోయేలా జారి దిగాడు. తర్వాత పదేళ్ళలో దాన్ని ఎవరెవరో ఎక్కారు. పేరు మాత్రం మారలేదు.

ఆయన మా మేనత్త దాలమ్మ కొడుకు, నాకు బావ. నేను నాలుగో తరగతితో బడి మానేశాను. ఆయన పదో తరగతి తప్పారు. మా వైపు మగవాళ్ళు చాలామంది పనుల కోసం దూరం వెళ్ళిపోతారు. ఆయన వెళ్ళలేదు. తోట వదిలి రెండు రోజులు బయట ఉంటే అన్నం సయించదనేవారు. నలభై నాలుగో ఏట కిడ్నీ జబ్బు బయటపడింది. మా ఊళ్ళో అది వింత కాదు. ఏ వీధిలో చూసినా ఇద్దరో ముగ్గురో ఉంటారు. మూడేళ్ళు మందులతో నెట్టుకొచ్చాం. తర్వాత రక్తపరీక్షలో సీరం క్రియాటినిన్ బాగా ఎక్కువైందని, వారానికి రెండుసార్లు సోంపేట వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలన్నారు. అందుకోసం ఎడమ మణికట్టు దగ్గర చిన్న ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు. అక్కడ వేలు పెడితే లోపల కందిరీగ ఉన్నట్టు ఝుమ్మనేది. అసిరయ్య కందిరీగ ఇక్కడికొచ్చిందని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెయ్యి చూపించేవారు.

ఆ ఏడాదే తిత్లీ తుపాను వచ్చింది. గాలి తగ్గాక పొద్దున్నే మేమిద్దరం తోటకి వెళ్ళాం. వెళ్ళడానికి దారి లేదు. చెట్లన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడి ఉన్నాయి. ఆరు నిలబడ్డాయి గాని వాటికి మొవ్వులు లేవు. ఆయన పడిన చెట్ల మధ్య నుంచి నడుస్తూ, ఒక్కోదాని మొదలు దగ్గర ఆగి, దాని పేరు అని, ముందుకి వెళ్ళారు. అలా డెబ్బై రెండూ అయ్యాక ఇంటికి వచ్చి పడుకున్నారు.

మా అత్త ఆ రోజు నుంచి తోటవైపు పోలేదు. ఆ చెట్లలో సగం ఆవిడ కడవతో నీళ్ళు మోసి బతికించినవి. పెరటి తలుపు గడియ వేసి, వీధి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరైనా తోట మాట ఎత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేది.

మా అమ్మాయి ఝాన్సీ అప్పుడు ఎచ్చెర్ల యూనివర్సిటీలో కంప్యూటర్ చదువు చదువుతోంది. ఊళ్ళో కరెంటు మళ్ళీ వచ్చాక ఇంటికి వచ్చింది. దాని దగ్గర ఎవరో సీనియర్ వాడి వదిలేసిన లాప్‌టాప్ ఉండేది. అందులో బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటోంది. అది బొమ్మ గీయడం లాంటిది కాదు. కుమ్మరి కుండ చేసినట్టు, వస్తువుని నాలుగు పక్కలా తయారుచేయాలి. ఝాన్సీ ఒక కుర్చీ చేసి, గిర్రున తిప్పి, కుర్చీ అడుగు కూడా చూపించింది. పడుకున్న మనిషి లేచి కూర్చున్నారు.

"కొబ్బరిసెట్టు అవుతాదేటమ్మా ఇందులో?"

ఝాన్సీ గంటసేపు కూర్చుని ఒక చెట్టు చేసింది. నాకు బాగానే ఉన్నట్టు తోచింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి పెదవి విరిచారు.

"ఇది కేలెండర్లో సెట్టు. మొదలు ఏనుగు కాలులాగుండాల. మట్టలు రాలిన మచ్చలేవి? ఇంత తిన్నగా మనదాంట్లో ఏ సెట్టున్నాది?"

దానికి ఉక్రోషం వచ్చి, అయితే నువ్వే సేసుకో నాన్నా అంది. ఆ మాటని ఆయన పని అప్పగించినట్టు తీసుకున్నారు. అది ఇంట్లో ఉన్న పది రోజులూ దాని పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు అది లాప్‌టాప్ వదిలి వెళ్ళింది. తనకి కాలేజీలో కంప్యూటర్లు ఉన్నాయంది.

నేర్చుకోవడం తిన్నగా సాగలేదు. సాఫ్ట్‌వేర్ తెరిచిన ప్రతిసారీ తెర మధ్యలో బూడిదరంగు పెట్టె ఒకటి ముందే ఉంటుంది. అందరూ ముందు దాన్ని తీసేసి పని మొదలుపెడతారట. ఆయన తీయలేదు. ఎవరో కట్టినదాన్ని మనం ఎందుకు పడగొట్టాలని, దాన్ని ఓ మూలకి జరిపి మోటారు గది చేశారు. రెండో రోజు ఇందులో తూర్పు ఎటు అని అడిగారు. తూర్పూ పడమరా ఉండవు, ఒక ఎర్ర గీత, ఒక పచ్చ గీత ఉంటాయి, అంతే అంది ఝాన్సీ. తూర్పు తెలీకుండా మొక్క ఎలా పాతుతారని ఆ పూటకి పని ఆపేశారు. సాయంత్రం వచ్చి, ఎర్ర గీత కొస సముద్రం అని తేల్చుకుని, పచ్చ గీతని ఒడియా వాళ్ళ ఊళ్ళ వైపు పెట్టుకున్నారు. అక్కణ్ణించి ఆయన దారి తప్పలేదు.

గొట్టం ఒకటి నిలబెట్టి, దాన్ని అడ్డంగా కోసి, కోసిన చోట చిన్న గట్టు తేలిస్తే మట్ట రాలిన మచ్చ అవుతుంది. చెట్టుకి ఏడాదిలో పన్నెండు మట్టలైనా రాలతాయి. ఆయన చెట్టు వయసు ఎంచి అన్ని మచ్చలూ వేయబోతే లాప్‌టాప్ తిరగలిలా రొద చేసి ఆగిపోయింది. ఏడాదికి ఒక్క మచ్చ వేయమని ఝాన్సీ ఫోన్లో బతిమాలింది. ఒప్పుకున్నారు గాని, ముసలి చెట్లకి అన్యాయం చేసినట్టు చాలా రోజులు సణిగారు.

ఎందుకు చేస్తున్నారో నాకు ఒక్కదానికే చెప్పారు. డెబ్బై రెండు చెట్లూ ఎక్కడివి అక్కడ నిలబెట్టి వాళ్ళమ్మకి చూపించాలి. సగంలో చూపించకూడదు. "అది కళ్ళు మూసేలోగా అవ్వాల" అన్నారు. అత్తకి ఎనభై దగ్గర పడుతోంది. అప్పుడు మా ఇద్దరి తొందరా ఆవిడ వయసు గురించే.

డయాలసిస్ రోజున నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఎడమచేతిలో రెండు లావుపాటి సూదులు ఉంటాయి. ఆ చెయ్యి కదపకూడదు. ఆ నాలుగు గంటలు వృథా పోతున్నాయని ఆయన బాధ. కుడిచేత్తో మౌసు పట్టుకోవచ్చు గాని, ఈ పనికి రెండు చేతులూ కావాలి. కుడిచెయ్యి వస్తువుని పట్టుకుంటే, ఎడమచెయ్యి మీట నొక్కి ఏం చేయాలో చెప్పాలి. వార్డులో నర్సు సింధు. ఎవరినీ మంచాల దగ్గర నిలబడనిచ్చేది కాదు. ఆయన ఆమెకి మోటారు గది, మూడు చెట్లు చూపించి, వాళ్ళ ఊరు ఏదో, అక్కడ ఎన్ని చెట్లు పడ్డాయో అడిగారు. తర్వాతిసారి నుంచి ఎడమపక్కన నాకు స్టూలు పడింది.

అలా నేను ఆయన ఎడమచెయ్యినయ్యాను. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. పోపుల పెట్టెలో ఏది ఎక్కడుందో చూడకుండా తీసినట్టు, మీటలు చోటుని బట్టి గుర్తుపెట్టుకున్నాను. నడిమి వరసలో ఐదోది నొక్కితే వస్తువు కదులుతుంది. పై వరసలో నాలుగోది తిప్పుతుంది. నడిమి వరసలో రెండోది పెద్దది చేస్తుంది, చిన్నది చేస్తుంది. ఆయన జరుపు అంటే ఒకటి, తిప్పు అంటే ఒకటి, పెంచు అంటే ఒకటి నొక్కేదాన్ని. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆయన చేసే పనిలో నేను కూర్చోవడం అదే మొదలు. తోటలో నా పని నూతి దగ్గర, ఆయన పని చెట్ల దగ్గర. లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని మేం ఆటో ఎక్కుతుంటే అత్త అరుగు మీద నుంచి అనేది:

"మొగుడూ పెళ్ళాం బడికెల్తన్నారు. పలకలున్నాయేటి?"

పిల్ల చెట్టు చేసుకుని, దానికి నకళ్ళు తీసి, చోటు చోటునా పాతి, తర్వాత ఒక్కోదాని వంపు ఒక్కోలా దిద్దాలన్నది ఆయన ఆలోచన. నకలు తీయడానికి అంచున ఉన్న మీట ఒకటి అదిమి పట్టి, నడిమి వరసలో మూడోది నొక్కాలి. నా బొటనవేలు అంచు మీట మీద నిలవక, కింది వరసలో ఉన్న వేరే మీట మీద పడేది. తెర మీద నకలు వచ్చేది. వచ్చింది కదా అనుకుని నేను అలాగే నొక్కుతూ వచ్చాను. రెండు వారాల్లో నలభై ఒక్క చెట్లు పాతాం.

ఒక మంగళవారం ఆయన కుంటి చెట్టు వంపు దిద్దడం మొదలుపెట్టారు. దాని మెడ పట్టుకుని మెల్లగా పక్కకి వంచారు. వంచుతుంటే నలభై ఒక్క చెట్లూ ఒక్కసారే, ఒకే వైపు వంగిపోయాయి.

ఆయన చెయ్యి మౌసు మీద అలాగే ఉండిపోయింది. నాకేం చేశానో తెలీదు గాని, నేనే చేశానని తెలిసింది. సింధు గబగబా వచ్చి నొప్పిగా ఉందా అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఒసే, ఆ పొద్దు కూడా ఇలగే ఉన్నాది."

ఝాన్సీకి ఫోన్ చేశాం. నేను నొక్కిన మీటతో వచ్చేవి వేరు వేరు చెట్లు కావట, ఒకే చెట్టు నలభై ఒక్క చోట్ల కనిపించడమట. ఒకదానికి ఏం చేస్తే అన్నిటికీ అదే అవుతుంది. వాటిని మళ్ళీ విడదీయవచ్చు, ముందు చేసింది వెనక్కి తీసెయ్ అంటూ రెండు మీటలు చెప్పింది. ఆయన వెంటనే నొక్కమనలేదు. ఆ పడబోతున్న తోటని కాసేపు చూశారు. తర్వాత, నొక్కు అన్నారు.

నొక్కాను. చెట్లన్నీ లేచి నిలబడ్డాయి.

ఆయన మళ్ళీ వంచారు, మళ్ళీ నొక్కమన్నారు. అలా నాలుగైదుసార్లు చేసి ఉంటాం. పక్క మంచం మీద గోవిందరావు అని ఒక మేస్టారు ఉండేవారు. ఆయన తల తిప్పి చూస్తూ, "మీ ఆవిడకి ఆ మీట ఊరంతకీ నొక్కమని సెప్పవయ్యా" అన్నారు. వార్డులో ఎవరో నవ్వారు. మా ఆయనా నవ్వారు. తుపాను తర్వాత ఆయన నవ్వగా చూడడం అదే మొదటిసారి. నా తప్పుకి ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నలభై ఒక్క చెట్లనీ ఒక్కొక్కటే విడదీయడానికి ఇంకో వారం పట్టింది.

వేసవికి అరవై అయ్యాయి. జూలైకి డెబ్బై. ఆయన మొహం ఉబ్బడం మొదలైంది, నడిస్తే ఆయాసం వచ్చేది. డెబ్బై ఒకటోది తోడికోడళ్ళలో చిన్నది. అది పెట్టాక మిగిలింది నూతి దగ్గర చెట్టు. దాని దగ్గరే మాకు మాట తేడా వచ్చింది.

మా తోటలో నూతి చుట్టూ కొబ్బరిమట్టల తడిక ఉండేది. ఆడవాళ్ళు స్నానాలు చేసేదీ బట్టలు ఉతుక్కునేదీ అక్కడే. మగవాళ్ళు తడిక దాటి లోపలికి రారు. కాయలు దింపే రోజున కూడా మేం బయటికి వచ్చి, నుయ్యి ఖాళీ అని చెప్పాకే అసిరయ్య వెళ్ళేవాడు. తుపానుకి ముందు ఆయన అంత తోటలో ఆ ఒక్క చోటుకే పోలేదు. తెర మీద కూడా తడిక బయటి పక్క అల్లిక అంతా శ్రద్ధగా దిద్ది, లోపల ఏమీ పెట్టకుండా వదిలేశారు.

ఆ చెట్టు నిలువుగా ఉండేదని ఆయన అన్నారు. సముద్రం వైపు బాగా వంగి ఉండేదని నేనన్నాను. ఉతికే రాయి మీద నిలబడి ఇరవై మూడేళ్ళు దాన్ని చూశాను.

"నీకేటి తెలుసే సెట్ల ఊసు? రోజూ గట్టెంట వస్తన్నాను, తడిక మీదగా సూస్తన్నాను. గునపం పాతినట్టుంటాది."

"నాకు తెలీకపోతే మరెవలికి తెలుస్తాది బావా? దాని కింద నీల్లోసుకున్నాను."

ఇంటికి వచ్చి, తోట సంగతి అని చెప్పకుండా, అత్తని అడిగాను. నూతికాడ చెట్టు వంగుండేదా, నిలువుగా ఉండేదా అని. ఆవిడ నా మొహం చూడకుండా అంది:

"లేని సెట్టు వంగితే ఏటి, నిలబడితే ఏటి?"

తర్వాత శుక్రవారం వార్డులో మళ్ళీ అదే మాట నడిచింది. నేను తగ్గి ఉండాల్సింది. తగ్గలేదు. అన్నిటిలో తగ్గినదాన్ని, ఆ ఒక్క చెట్టు దగ్గర తగ్గబుద్ధి కాలేదు. చివరికి ఆయనే అలిసిపోయారు. మొక్క పాతబోయే చోట ముందుగా కర్ర గుచ్చి ఉంచినట్టు, నూతి పక్కన ఒక సన్నని మేకు నిలబెట్టారు.

"సరే, ఆ సెట్టు నీది. నువ్వే ఎట్టుకో."

కోపంగా అనలేదు. మరో గంటకి ఒంట్లో వణుకు వచ్చింది. బీపీ పడిపోయింది. సింధు లాప్‌టాప్ మూసి నా ఒళ్ళో పెట్టింది. అంబులెన్సులో శ్రీకాకుళం తీసుకెళ్ళాం. ఆదివారం పొద్దున్న పోయారు. వాళ్ళమ్మ కళ్ళు మూసేలోగా అనుకున్నాం ఇద్దరం.

కర్మలు అయ్యాక లాప్‌టాప్ అటక మీద పెట్టించాను. రెండు నెలలు దాని వైపు చూడలేదు. మూడో మాసికానికి ఝాన్సీ వచ్చినప్పుడు దింపమన్నాను. అది తెరిచింది. తోట వచ్చింది. మోటారు గది, గట్టు, కుంటిది, అసిరయ్య ఎక్కనిది, అన్నీ ఉన్నాయి. తడిక లోపల మేకు ఉంది. చెట్టు నేను పెట్టేస్తానమ్మా, పది నిమిషాల పని అంది. వద్దన్నాను. పక్కన కూర్చో, చెయ్యి పెట్టకు అన్నాను.

ఎడమచెయ్యి తన చోటు తాను వెతుక్కుంది. కుడిచెయ్యికే ఏమీ తెలీదు. మౌసు నేను ఎప్పుడూ పట్టుకోలేదు, అది ఆయన చెయ్యి. పైకి అంటే పక్కకి పోయేది. చెట్టు ఒకసారి నూతిలో పడింది, ఒకసారి సముద్రంలోకి వెళ్ళిపోయింది. వెనక్కి తీసే మీటలు నొక్కీ నొక్కీ వేలు నొప్పెట్టింది. ఝాన్సీ రెండుసార్లు చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి చెట్టు మేకు ఉన్న చోట నిలబడింది. దాన్ని సముద్రం వైపు వంచాను, నాకు గుర్తున్నంత. మేకు తీసేశాను. ఉతికే రాయి కూడా పెడదామని ఒక పెట్టె తెచ్చి, అణిచి, నూతికి దక్షిణం పక్కన వేశాను. ఆ రాయి మీద నిలబడినట్టు తిప్పి చూస్తే, అదే చెట్టు. అదే వంపు. నేను చెప్పిందే నిజమైంది. ఆ మాట ఎవరికి చెప్పను?

అప్పుడు నాన్న ఎటు నుంచి వచ్చేవారమ్మా అని ఝాన్సీ అడిగింది. పడమర నుంచి, గట్టు మీద నుంచి అన్నాను. మౌసు నడిమి చక్రం పట్టుకుని మెల్లగా తోటని తిప్పాను. మోటారు గది పక్కకి వెళ్ళింది. తోడికోడళ్ళు దాటారు. గట్టు మీదకి చేరేసరికి తడిక ఎదురుగా వచ్చింది. తడిక మీద నుంచి చెట్టు తల కనిపించింది. మన నుంచి అవతలికి వంగిన చెట్టు, వెనక నుంచి చూస్తే వంగినట్టు తెలీదు. గునపం పాతినట్టు నిలువుగా ఉంది.

ఆయన చూసింది అదే. ఏళ్ళ తరబడి రోజూ చూసింది అదే. నేను ఒక్కసారి గట్టు మీదకి వెళ్ళి నిలబడలేదు. తడిక లోపలికి ఆయన రాలేదు. వార్డులో ఈ తోటని ఇంత తిప్పి ఉంటే సరిపోయేది. అప్పటికి చెట్టే పెట్టలేదు, ఏం చూపిస్తాను.

ఎడమచేత్తో దాచే మీటలు నొక్కాను. పని మొత్తం పోకుండా ఉండాలంటే ఆ రెండు మీటలు మరిచిపోకూడదని ఆయన ప్రతిసారీ అనేవారు.

సాయంత్రం లాప్‌టాప్ అరుగు మీదకి తెచ్చి అత్త ముందు పెట్టాను. మీ అబ్బాయి చేశాడు, చూడు అన్నాను. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. మొహం తెర దగ్గరికి తెచ్చి చాలాసేపు చూసింది. తర్వాత వేలు పెట్టి ఒక్కో చెట్టు పేరూ మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. ఆ పేర్లు ఆయనవే అనుకున్నాను ఇన్నాళ్ళూ. సగం ఆవిడ పెట్టినవట. నూతి దగ్గర చెట్టు మీదకి వచ్చేసరికి వేలు ఆగింది.

"కాయలేవే దీనికి?"

దేనికీ కాయలు లేవు. కాయలు పెడితే లాప్‌టాప్ ఆగిపోతుందని ఆయన చివరకి వదిలేశారు.

"కాయలెట్టడం నానింకా నేర్సుకోలేదత్తా" అన్నాను.